మిషన్ పక్కన అన్నయ్య

ఆడపిల్లలకు ఉచితంగా ప్యాడ్లిచ్చే మిషన్‌ను ఆ కాలేజీలో ఎక్కడ పెట్టారో చూస్తే చాలు, పెట్టినవాళ్ళ బుర్రలో ఏముందో తెలిసిపోతుంది. ప్రిన్సిపాల్ గది బయట, వరండాలో, నిలువెత్తున పెట్టారు. దాని పైన దాత గారి ఫోటో. ఎదురుగా ఫీజులు కట్టే కౌంటరు, అక్కడ పొద్దస్తమానం మగపిల్లల క్యూ. ఆడపిల్లల వెయిటింగ్ రూమ్ మేడ మీద ఓ మూలనుంది. అక్కడ పెడితే వచ్చేపోయే పెద్దమనుషుల కంట పడదని ప్రిన్సిపాల్ మేడమ్ అన్నదట. నిజమే మరి, అవసరం పిల్లలదైనా చూసి మెచ్చుకోవలసింది పెద్దమనుషులే కదా!

బటన్ నొక్కితే ప్యాడ్ కింద పళ్ళెంలో పడుతుంది. పడేటప్పుడు ధడేల్మని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడుకి క్యూలో ఉన్న తలలన్నీ ఇటు తిరుగుతాయి. కొత్తలో ఒకరిద్దరు తెగించి నొక్కారు. ఆ తర్వాత ఎవరూ దాని మొహం చూడలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ మిషన్ అడిగితే పెడుతుంది, కాకపోతే పదిమందికీ చాటింపు వేసి మరీ పెడుతుంది.

మిగతా ఆడపిల్లలకు అడ్డం వచ్చింది సిగ్గొక్కటే. పిచ్చుక అనే పిల్లకు సిగ్గుతో పాటు అన్నయ్య కూడా అడ్డం వచ్చాడు. మిషన్‌ని ఆనుకునే ఓ స్టూలుంది. ఆ స్టూలు మీద కూర్చునే అటెండరు ఆమె సొంత అన్న. మిషన్ తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంటుంది. అందులో ప్యాడ్లు సర్దవలసి వచ్చిన రోజున, పాము పుట్టలో చెయ్యి పెట్టినట్టు మొహం పక్కకు తిప్పుకుని సర్దేవాడు.

వాళ్ళిద్దరే ఉంటారు ఇంట్లో. ఇల్లంటే ఒక గది, దాని వెనక వంటకు కాస్త చోటు. అమ్మ పోయినప్పుడు పిచ్చుక ఇంకా జడలు వేసుకోవడం రాని పిల్ల. అన్నయ్యే వేసేవాడు, ఒకటి పైకి, ఒకటి కిందికి. పొట్టిగా, బక్కగా, గింజలు ఏరుకు తిన్నట్టు తింటుందని పిచ్చుక అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ పేరు కాలేజీ దాకా వచ్చేసింది. మనిషి మంచివాడు. నోట్లో నాలుక లేనివాడు. కాలేజీలో ఎవరేమన్నా "సరే సార్", "సరే మేడమ్" తప్ప మూడో మాట రాదు. ఆ నోరంతా దాచుకుని ఇంటికొచ్చి చెల్లెలి చదువు మీద పెడతాడు.

జడలు వేసిన అన్నయ్యే అయినా కొన్ని సంగతులు ఆయనతో చెప్పుకోలేదు పిచ్చుక. మొదటిసారి వచ్చినప్పుడు పక్కింటావిడ ఓ పాత గుడ్డ చింపి చేతిలో పెట్టి, "మగాళ్ళకి తెలీకుండా చూసుకో" అని ఒకే ఒక్క పాఠం చెప్పింది. పిచ్చుక ఆ పాఠాన్ని వేదంలా పాటించింది. ప్యాడ్లు కొనుక్కోవాలంటే అన్నయ్యను డబ్బులడగాలి, అడిగితే దేనికంటాడు. అందుకని ఆయన పాత యూనిఫాం చొక్కాలు ఒక్కొక్కటే చింపుకునేది. "ఇంట్లో ఎలుకలు పడ్డాయే, గుండీలు కూడా మిగల్చట్లేదు" అని ఆయన బోను తెచ్చి మంచం కింద పెట్టాడు. పిచ్చుక నవ్వలేక చచ్చింది. ఆ తర్వాత ఏడ్చింది కూడా.

గుడ్డలు ఆమెకు సరిపోయేవి కాదు. ఆమెకు కుళాయి విప్పినట్టే అవుతుంది. అలాంటి రోజుల్లో తలనొప్పని చెప్పి ఇంట్లో పడుకునేది. ఆ తలనొప్పి నిరుడు సరిగ్గా కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష రోజునే వచ్చి పడింది. అన్నయ్య ఆ రోజు అన్నం తినలేదు. "పరీక్ష రోజున తలనొప్పేంటే? భయం అని చెప్పు, ఒప్పుకుంటాను. బద్ధకం అని చెప్పు, ఒప్పుకుంటాను" అని అరిచాడు. పిచ్చుక గోడ వైపు తిరిగి పడుకుంది. అనడానికి నోటి దాకా వచ్చిన మాట ఒకటే ఉంది, ఆ మాట మాత్రం అనకూడదు.

ఆ కాలేజీలో రూలు కచ్చితం. ఒకే ప్రాక్టికల్ రెండుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారు. మళ్ళీ చేరడానికుండదు, ఇంకో కాలేజీ తీసుకోదు. ఆ నోటీసులు బోర్డుకు అంటించేది అన్నయ్యే కాబట్టి ఆయనకు తెలియని సంగతి కాదు. ఈ ఏడు పరీక్ష తేదీ తెలిసిన రోజునే చెప్పేశాడు. "ఈసారి నీ తలకాయ ఊడి కిందపడినా సరే, చేత్తో పట్టుకునైనా వచ్చి ల్యాబులో నిలబడాలి."

"నిలబడతాలే అన్నయ్యా" అంది పిచ్చుక. నిజంగానే అంది. చదువు తప్ప ఆమెకింకో గూడు లేదు.

పరీక్షకు ముందు సోమవారం ప్రిన్సిపాల్ మేడమ్ క్లాసు క్లాసుకూ తిరిగింది. గురువారం, సరిగ్గా పరీక్ష రోజునే, దాత గారు వస్తున్నారట. ఆడపిల్లలనందరినీ నిలబెట్టి కడిగేసింది.

"పెట్టిన సరుకు పెట్టినట్టే ఉంది. ఆయనకేం మొహం చూపించమంటారు నన్ను? అక్కర్లేకపోతే అక్కర్లేదని చెప్పండి, ఇంకో కాలేజీకి ఇచ్చుకుంటారు."

మేడమ్ అటు వెళ్ళగానే లాయరు లేచింది. లాయరంటే పిచ్చుక పక్కన కూర్చునే పిల్ల. బస్సు కండక్టరుతోనూ, క్యాంటీను వాడితోనూ, చివరికి ట్రాఫిక్ లైటుతోనూ వాదిస్తుందని ఆ పేరు. "అక్కర్లేదని ఎవరన్నారే? అక్కడ అక్కర్లేదు. మేడ మీద పెడితే మహారాణుల్లా వాడుకుంటాం" అంది. "వినండి. గురువారం పొద్దున్నే గుంపుగా వెళదాం. గుంపులో ఎవరికి సిగ్గు? మిషన్ ఖాళీ చేసేద్దాం. దాత గారొచ్చి చూస్తాడు, సంతోషిస్తాడు, మిషన్ ఉంటుంది. తీసినవన్నీ మన వెయిటింగ్ రూమ్‌లో ఓ అట్టపెట్టెలో పెడదాం. ఇక ఎవరికి కావాలన్నా అక్కడ తీసుకోవచ్చు, ఏ స్టూలూ దాటక్కర్లేదు."

ఆఖరి మాట అంటూ పిచ్చుక భుజం తట్టింది. స్టూలు సంగతి లాయరుకు తెలుసు. పిచ్చుకకు ఆ క్షణాన ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. నెలనెలా గుండెల మీద కూర్చునే బండరాయి ఒక అట్టపెట్టెతో దిగిపోతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

గురువారం పొద్దున ఫీజు కౌంటరు ఇంకా తెరవకముందే ఆడపిల్లలు వరండా నిండా నిలబడ్డారు. ధడేల్, ధడేల్, ధడేల్. నవ్వులు, తోపులాటలు. అన్నయ్య స్టూలు మీద నుంచి లేచి, కిటికీ వైపు తిరిగి, అందులోంచి కనిపించే సైకిల్ స్టాండును పరీక్షగా చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. పిచ్చుక ఆ గుంపులో లేదు. మెట్ల మీద నుంచి చూసింది.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ, తీసుకున్న ప్రతి పిల్లా మెట్లెక్కే లోపే తన ప్యాడ్‌ను న్యూస్‌పేపర్లో చుట్టేసింది. చేతులకు అలవాటైపోయిన పని అది. మందుల షాపువాడు అలాగే చుట్టి ఇస్తాడు, ఇంట్లో అలాగే చుట్టి దాస్తారు, వాడేశాక అలాగే చుట్టి పారేస్తారు. కొత్తదైనా పాతదైనా దానికి న్యూస్‌పేపరే బట్ట. వెయిటింగ్ రూమ్‌లో వాష్‌బేసిన్ పక్కనున్న అట్టపెట్టె, పేపరు పొట్లాలతో నిండిపోయింది. పెట్టె మీద ఏదైనా రాద్దామా అని ఒక పిల్ల అడిగింది. "రాస్తే ఎవరైనా చూస్తారే" అంది ఇంకో పిల్ల. ఇది వినగానే లాయరు కూడా నిజమేనంది. ఎంత వాదించే నోరైనా అక్కడికొచ్చేసరికి గుసగుసే.

ఆ ధైర్యంతోనే పిచ్చుక ఆ రోజు గుడ్డ కూడా తెచ్చుకోలేదు. తేదీకి ఇంకా టైముంది. ఒకవేళ వచ్చినా మేడ మీద పెట్టె ఉంది.

దాత గారొచ్చేలోపు కాలేజీ అద్దంలా మెరవాలని ప్రిన్సిపాల్ మేడమ్ ఊడ్చే పెద్దమ్మను పరుగులు పెట్టించింది. మేడ మీద కంపు ఉండకూడదు, చెత్త కనిపించకూడదు. పెద్దమ్మ వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్ళేసరికి వాష్‌బేసిన్ పక్కన పెట్టెడు పేపరు పొట్లాలు. పాతికేళ్ళుగా అలాంటి పొట్లాలు ఎత్తుతున్న మనిషి. వాటిని విప్పి చూసేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరైనా ఉంటారా? "ఇన్ని ఒక్కసారే పోగేశారేంటమ్మా, నా ప్రాణానికి" అని గొణుక్కుంటూ పెట్టెను ఉన్నపళంగా ఎత్తుకెళ్ళి, వెనక చెత్త కాల్చే డ్రమ్ములో వేసి అగ్గిపుల్ల గీసింది. ఆ తర్వాత గదంతా ఫినాయిల్‌తో కడిగింది.

అదే సమయానికి కింద ల్యాబులో పరీక్ష మొదలైంది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ సార్ వచ్చాడు. ఇస్త్రీ మడతలు నలగని మనిషి. మొదటే చెప్పాడు. "మాట్లాడితే పేపరు లాక్కుంటా. బయటికెళితే పావుగంటలో రావాలి. ఆ తర్వాత వచ్చి తలుపు కొట్టి లాభం లేదు."

పిచ్చుక చేతులు చకచకా సాగాయి. బ్యూరెట్ కడిగింది, నింపింది, మొదటి రీడింగ్ తీసింది. నిరుడు రాయలేకపోయిన పరీక్ష ఇంత తేలికా అనిపించింది. రెండో రీడింగ్‌కు వంగినప్పుడు నడుములో కలుక్కుమంది. ఆ నొప్పి ఆమెకు చుట్టం. చెప్పకుండా వచ్చే చుట్టం.

కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడింది. ఇంకో రీడింగ్, ఇంకొక్కటి అనుకుంది. వేడిగా జారిందది. ల్యాబులో చున్నీలు వేసుకోనివ్వరు, పుస్తకాలు, సంచులు అన్నీ బయటి గదిలో పెట్టి తాళం వేశారు. ఒంటి మీద తెల్లకోటు, జేబులో చేతిరుమాలు, అంతే. పక్క బల్ల దగ్గర మగపిల్లాడు. ఆ అవతలున్న ఆడపిల్లను పలకరిస్తే ఇద్దరి పేపర్లూ పోతాయి. చెయ్యెత్తింది.

"బయటికెళ్ళొస్తా సార్."

ఎగ్జామినర్ గడియారం చూశాడు. "పావుగంట" అన్నాడు.

పరీక్ష అట్ట వెనక అడ్డం పెట్టుకుని మెట్లెక్కింది పిచ్చుక. వెయిటింగ్ రూమ్ తలుపు తోసింది. గచ్చు తళతళలాడుతోంది. వాష్‌బేసిన్ పక్కన ఏమీ లేదు. బల్ల కింద చూసింది. తలుపు వెనక చూసింది. బాత్‌రూముల్లో చూసింది. ఫినాయిల్ వాసన తప్ప గదిలో ఇంకేమీ లేదు.

పెద్దమ్మ మెట్ల దగ్గర తుడుస్తోంది.

"పెద్దమ్మా, ఇక్కడ అట్టపెట్టె ఉండాలి. పేపరు పొట్లాలు."

"అదా? కాల్చేశా తల్లీ. కంపు కొడుతుందని మేడమ్ తిట్టింది."

"కాల్చేశావా?" పిచ్చుక గొంతు పీలగా వచ్చింది. "కొత్తవి పెద్దమ్మా అవి. కొత్తవి. ఎవరూ వాడనివి."

పెద్దమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. "కొత్తవాటికి ఎవరైనా పేపరు చుడతారా అమ్మా? అయ్యో, నా చేతులు పడిపోను. నాకు ఆ గోల ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది, నా దగ్గర గుడ్డ ముక్క కూడా లేదే." తుడిచే గుడ్డ వైపు చూసి, సిగ్గుపడి, దాన్ని బకెట్లో వేసేసింది. "కింద ప్రిన్సిపాలమ్మ గదిలో ఉన్నాయి. ఆ దాత కొత్త పెట్టె తెచ్చాడు, నా కళ్ళతో చూశా. నన్నివాళ ఆ గుమ్మం తొక్కనివ్వరు. మీ అన్నను అడుగు పో."

మీ అన్నను అడుగు. పెద్దమ్మ ఎంత తేలిగ్గా అనేసింది!

బాత్‌రూములో దూరి చేతిరుమాలు మడిచి పెట్టుకుంది పిచ్చుక. అది మెట్లు దిగేదాకా కూడా ఆగదని ఆమెకు తెలుసు. కోటు వెనక అప్పటికే తడి తగులుతోంది. గోడకు తల ఆనించి ఒక్క క్షణం నిలబడింది. ఇంటికి పారిపోవచ్చు. మళ్ళీ తలనొప్పనొచ్చు. అప్పుడు పేరు పోతుంది, చదువు పోతుంది, అన్నయ్య కళ్ళలో పరువు పోతుంది. అడిగితే ఒక్క సిగ్గే పోతుంది. ఇంత సులువైన లెక్కను రెండుసార్లు చేసుకుని మెట్లు దిగింది.

వరండాలో అన్నయ్య స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. గదిలోపల దాత గారి గొంతు గంభీరంగా వినిపిస్తోంది. చెల్లెల్ని చూడగానే అన్నయ్య మొహం మాడిపోయింది.

"పరీక్ష వదిలేసి వచ్చావా? మళ్ళీ తలనొప్పేనా?"

"కాదన్నయ్యా."

"మరేంటి? చెప్పు. ఏంటి?"

పిచ్చుక నోరు తెరిచింది. ఇన్నేళ్ళుగా మింగిన మాట ఇప్పుడు రమ్మంటే ఎలా వస్తుంది? ఇక చెయ్యగలిగింది లేక, అట్ట తీసేసి వెనక్కి తిరిగి నిలబడింది.

తెల్లకోటు మీద అరచెయ్యంత ఎరుపు.

"అమ్మో!" అన్నయ్య స్టూలు తన్నుకుని లేచాడు. "గ్లాసు గుచ్చుకుందా? యాసిడ్ పడిందా? ఎవరే నిన్ను... డాక్టరూ! ఎవరక్కడ, ఆటో పిలవండి!" ఆమెను రెండు చేతులా పట్టుకుని గుమ్మం వైపు లాగాడు. ఫీజు క్యూలో వాళ్ళు కదిలారు. ఇంత వయసొచ్చి, చెల్లెల్ని పెంచి, ఆ మిషన్ పక్కనే కాపలా కాస్తున్న మనిషికి, ఆ రక్తం ఏమిటో తట్టనే లేదు. ఆయన్ను తిట్టాలో జాలిపడాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

"దెబ్బ కాదు!" పిచ్చుక చెయ్యి విడిపించుకుంది. ఇప్పుడు ఆమె గొంతు క్యూ చివరిదాకా వినిపించింది. "నెలసరి అన్నయ్యా. ఆడపిల్లలకి నెలనెలా వస్తుంది కదా, అది. నాకూ వస్తుంది. పోయినసారి కూడా తలనొప్పి కాదు. ఎప్పుడూ తలనొప్పి కాదు. నీ పక్కనున్న మిషన్లో ఉంటాయి చూడు, అవి కావాలి నాకు. ఇప్పుడే కావాలి. తలుపేసేస్తారు."

అన్నయ్య మిషన్ వైపు చూశాడు. తాళంచెవి తీసి, మూడు నాలుగుసార్లు తప్పి, తెరిచాడు. లోపల ఖాళీ. పొద్దున ధడేల్, ధడేల్‌మని అంతా వెళ్ళిపోయింది.

"గదిలో పెట్టె ఉందంట" అంది పిచ్చుక.

అన్నయ్య తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. బల్ల మీద కొత్త పెట్టె, దానికి రిబ్బను, దాని వెనక దాత గారు, పక్కన ప్రిన్సిపాల్ మేడమ్, ఎదురుగా కెమెరా పట్టుకున్న మనిషి. మేడమ్ కళ్ళతోనే ఉరిమింది. "తర్వాత."

"సరే మేడమ్" అని అన్నయ్య బయటికొచ్చేశాడు.

అలవాటు ఎంత పాపిష్టిది! ఖాళీ చేతులతో గుమ్మం బయట నిలబడ్డాక గానీ తనేం చేశాడో ఆయనకు తెలియలేదు. పిచ్చుక ఆయన వైపు చూసింది. లోపల దాత గారు మిషన్ ఖాళీ అయిందని పొంగిపోతూ ఇంకో మిషన్ కూడా ఇస్తానంటున్నాడు. చప్పట్లు మోగుతున్నాయి. ల్యాబు వైపున్న గడియారం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

అన్నయ్య మళ్ళీ తలుపు తోశాడు. ఈసారి తిన్నగా బల్ల దగ్గరికి నడిచి, రిబ్బనుతో సహా పెట్టెను ఎత్తేశాడు.

"ఏంటిది? బుద్ధుందా నీకు?" అంది మేడమ్.

"మా చెల్లికి కావాలి మేడమ్" అన్నాడు. ఇంకేదో చెప్పాలని చూశాడు, పేరు తెలియక ఆగిపోయాడు. "చాలా అవసరం" అని మాత్రం అన్నాడు.

పెట్టె చించి చేతికందినన్ని చెల్లెలి దోసిట్లో పోశాడు. పిచ్చుక మేడ మీదికి పరుగెత్తింది. ఎంత తొందరపడినా ఆ పనికి పట్టే టైము పట్టి తీరుతుంది. కోటు తీసి చేతికి చుట్టుకుని మళ్ళీ పరుగెత్తింది. ల్యాబు తలుపు మూసి ఉంది.

కొట్టింది. మళ్ళీ కొట్టింది. అద్దంలోంచి తన బల్ల కనిపిస్తోంది. బ్యూరెట్‌లో తను పోసిన ద్రావణం పోసినట్టే ఉంది. ఎగ్జామినర్ సార్ తలుపు ఓరగా తీశాడు.

"టైమైపోయింది. చెప్పాను కదా."

"సార్, ఒక్క రీడింగే మిగిలింది సార్."

"ఎవరికైనా రూలు ఒకటే."

అప్పటికి అన్నయ్య రొప్పుతూ వచ్చాడు. చేతులు జోడించాడు. "సార్, ఎగ్గొట్టలేదు సార్. ఆడపిల్లకి... నెలనెలా వచ్చేది వచ్చింది సార్. కాలేజీలో వస్తువు దొరకలేదు. తప్పు మాది. నేనే ఆలస్యం చేశాను. లోపలికి రానివ్వండి."

ఎగ్జామినర్ మొహం ముడుచుకుపోయింది. రూలు సంగతి అడిగితే వాదించేవాడేమో, జాలి అడిగితే ఆలోచించేవాడేమో. ఈ మాట వినేసరికి మాత్రం బురద నీళ్ళు మీద పడబోతున్నట్టు వెనక్కి జరిగాడు. "ఇవన్నీ నాకెందుకు చెప్తారయ్యా? ఇవి నాతో చెప్పే విషయాలేనా?" అని తలుపేసేసుకున్నాడు. ఆ మాటతో ఆయన వంతు అయిపోయింది. ఒక పిల్ల బతుకు ఏమైపోతుందో ఆయనకు అక్కర్లేదు, ఆ మాట తన చెవిన పడకుండా ఉంటే చాలు.

పిచ్చుక తలుపు దగ్గరే కూలబడింది. పరీక్ష అయ్యేదాకా అన్నయ్య ఆమె పక్కనే గచ్చు మీద కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ గదిలోంచి ఎన్నిసార్లు బెల్లు మోగినా లేవలేదు.

"నన్ను అడగొచ్చుగా పిచ్చుకా" అన్నాడు చివరికి. "నిరుడే అడగొచ్చుగా."

"నిన్నా?" అంది పిచ్చుక. "అందరూ తీసుకుంటుంటేనే కిటికీలోంచి సైకిళ్ళు చూస్తూ నిలబడ్డావు. నేనొచ్చి అడిగితే ఏ కిటికీలోంచి దూకేవాడివి?"

అన్నయ్య నవ్వబోయి నవ్వలేకపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చెబితే సిగ్గు, దాచుకుంటే బాధ అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఈ ఇంట్లో ఇద్దరూ దాచుకోవడమే ఎంచుకున్నారు, ఇన్నేళ్ళూ ఆ సిగ్గుకే మేత వేసి పెంచారు. ఇప్పుడది ఆ పిల్ల చదువు తినేసింది.

లాయరు ఊరుకోలేదు. పెద్దమ్మను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి వాదించింది. పెద్దమ్మ, తప్పు నాదేనమ్మా, నన్ను తీసెయ్యండని ఏడ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ అంతా విని, పైవాళ్ళ రూలు, నా చేతుల్లో ఏముంది అంది. చేతుల్లో ఏమీ లేని మనిషి సంతకం మాత్రం చెయ్యగలిగింది. మర్నాడు నోటీసు తయారైంది. మేడమ్ ఏ కళనుందో, మిషన్ ఖాళీ చేయించిన ఉత్సాహంలో అన్నయ్యను పనిలోంచి తియ్యలేదు. నోటీసు ఆయన చేతికే ఇచ్చి, అంటించమంది.

అన్నయ్య దాన్ని బోర్డు దగ్గరికి తెచ్చాడు. పుస్తకాలు తిరిగిచ్చి, పేరు కొట్టేసిన పిల్లగా గేటు దాటడానికి వచ్చిన పిచ్చుక వరండాలోనే ఉంది. చుట్టూ ఆడపిల్లలు. ఫీజు క్యూలో మగపిల్లలు. నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చాడు అన్నయ్య. ఎప్పటిలాగే వంకర లేకుండా గుచ్చాడు. తర్వాత వెనక్కి జరిగి చదివాడు. రెండోసారి కూడా పరీక్షకు గైర్హాజరైన కారణంగా, అని ఉంది. దాని కింద చెల్లెలి పేరు.

"గైర్హాజరేంటి?" అన్నాడు. "వచ్చావుగా నువ్వు."

"వచ్చాను."

"మరి ఇది అబద్ధం కదా."

అన్నయ్య జేబులోంచి పెన్ను తీశాడు. గైర్హాజరైన కారణంగా అన్న మాటల మీద అడ్డంగా గీత కొట్టాడు. క్యూలో గుసగుసలు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ గది తలుపు తెరిచే ఉంది, లోపల మేడమ్ కుర్చీ కదిలిన చప్పుడైంది. అన్నయ్య మెడ మీద చెమట కారుతోంది. ఈ గీతతో ఉద్యోగం పోతుందని ఆయనకు తెలుసు. పెన్ను కాగితానికి ఆనించి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"దాన్ని ఏమంటారన్నావు? నిన్న చెప్పావే."

"నెలసరి."

"రాయమంటావా? అందరూ చూస్తారు."

పిచ్చుక ఒకసారి చుట్టూ చూసింది. లాయరు నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. పెద్దమ్మ చీపురు పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"రాయి అన్నయ్యా" అంది. "నెలసరి వచ్చింది, ప్యాడ్ దొరకలేదు అని రాయి. పెద్ద పెద్ద అక్షరాలతో రాయి."